పై మూలన తడి

ఒక్క మాట ఇరవై ఏళ్ళకు పైగా నా గొంతులో ముల్లులా ఉంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో రాజమండ్రి శివార్లలో, బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాణ్ణి. కిటికీల పని నాది. టాపు పని సూరన్న బాబాయిది. చుట్టరికం లేదు. నాకు పని నేర్పినవాడు.

ఒక పాస్టరుగారు, ఆయన భార్య తమ పాత బండి తెచ్చారు. చిన్న బస్సునే ఇల్లు చేసుకున్నారు. లోపల మంచం, స్టవ్వు, బట్టల అలమర. లంక గ్రామాలకు ప్రార్థనలకు వెళ్ళినప్పుడు వారాల తరబడి అందులోనే కాపురం. అద్దాల చుట్టూ రబ్బరు ఎండి పగిలిపోయింది. వానలు ముదిరేలోగా మార్చాలి. టాపు అతుకుల్లో నీళ్ళు దిగకుండా కొత్తగా లప్పం పెట్టాలి.

రబ్బరు సాగదీసి బిగించకూడదు. సాగిన రబ్బరు మళ్ళీ ముడుచుకుని అతుకు దగ్గర సందు ఇస్తుంది. బాబాయి నాకు నేర్పిన మొదటి పాఠం అదే. చివరి కిటికీకి వచ్చేసరికి రబ్బరు జానెడు తక్కువైంది. తెప్పించాలంటే రెండు రోజులు. ఆ సాయంత్రమే నేను పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళ్ళాలి. సాగదీశాను. కర్టెన్ చాటున కనబడదని అతుకును పై మూలకు నెట్టాను.

బండి అప్పగించే ముందు ఒకరు టాపెక్కి పైపుతో నీళ్ళు కొడతారు. అద్దాలు బిగించినవాడు లోపల కూర్చుని చెయ్యి పెట్టి చూస్తాడు. అతని మాటే మాట. మళ్ళీ ఎవరూ చూడరు.

"ఏంట్రా, తడా పొడా? నీ మనసు అప్పుడే పెద్దాపురం బస్సెక్కేసిందా ఏంటి?" అని పైనుంచి నవ్వాడు బాబాయి.

పై మూలన నా వేళ్ళకు చల్లగా తగిలింది.

"పొడే బాబాయ్. దిగిపో."

నెల తిరక్కుండా బండి వెనక్కి వచ్చింది. నీళ్ళు లోపలి గోడ చెక్క వెనకగా దిగి పరుపు నానిపోయింది. అమ్మగారికి దగ్గు పట్టుకుంది. మరక పైనుంచి కిందికి ఉంది. అందరూ టాపు వైపే చూశారు. కిటికీలు పొడేనని నేను చెప్పేశాను కదా. బాబాయి నన్ను ఒక్క ప్రశ్నయినా అడగలేదు. "నా చెయ్యి తప్పిందండి" అని పాస్టరుగారికి దణ్ణం పెట్టాడు.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? షెడ్డు యజమానికి భయపడ్డానా? ఆయన నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. బాబాయి ముందు చిన్నబోతాననా? ఏమో, ఇలా కారణాలు వెతకడం కూడా తప్పించుకోవడమేనేమో. ఇంకా నీచమైనది తరువాత చేశాను. ఆయన టాపు మీద మళ్ళీ లప్పం పెడుతుంటే, నేను లోపల చప్పుడు లేకుండా ఆ రబ్బరు మార్చేశాను. కారడం ఆగింది. తప్పు టాపుదేనని అందరికీ రుజువైపోయింది. ఆయనక్కూడా.

"చూపు ఆనటం లేదు, ఇక నన్ను నమ్మకండి" అని ఆయనే పని మానేశాడు. కడియంలో ఒక నర్సరీలో మొక్కలకు నీళ్ళు పెట్టేవాడు. ఎప్పుడు కలిసినా పక్కనున్నవాళ్ళకు నన్ను చూపించి, "వీడు బిగిస్తే చుక్క కారదండి" అనేవాడు. నేను తల దించుకునేవాణ్ణి. అణకువ అనుకునేవారు.

ఆయన పోయి ఆరేళ్ళు. వినాల్సిన మనిషి లేడు కాబట్టి మీకు చెబుతున్నాను. సూరన్న బాబాయి చూపు బాగానే ఉంది. ఆయన టాపు కారలేదు. పై మూలన తడి తగిలింది. నేను పొడే అన్నాను.