గడ్డం పువ్వు

చలికి వణికి, దగ్గి, స్వెటర్ తొడిగించుకున్న గడ్డ ఒకటి మా హనుమకొండలో ఉండేది. కాన్వెంట్‌లో అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఇప్పుడు నా మోకాళ్ళు ఒప్పుకోవు కనుక కొంచెం సవరించుకుంటాను. అది దగ్గలేదు. స్వెటర్ కూడా కాదు, పాత మేజోడు. మిగతాదంతా నిజం.

ఆ మేజోడు మా పక్కింటి మొగిలమ్మది. ఆమె పుట్టిల్లు నర్సంపేట వైపు పసుపు రైతుల ఇల్లు. మిలటరీలో ఉన్న అక్క కొడుకు హిమాచల్ నుంచి ఐరిస్ అనే పూలమొక్కల గడ్డలు సంచెడు తెచ్చిచ్చాడు. ఆ పువ్వు కింది రేకుల మీద మెత్తని నూగు ఉంటుంది కనుక దాన్ని గడ్డం పువ్వు అంటారని చెప్పాను. ఆమెకు గడ్డ పువ్వు అని వినిపించింది. గడ్డ అన్నాక మట్టిలో ఉండాలి కదా. వాన పడ్డప్పుడల్లా పసుపుకు ఎగదోసినట్టే మట్టి ఎగదోసింది. ఐరిస్ గడ్డ వీపుకు ఎండ తగలాలి. ఊపిరాడక దాదాపు అన్నీ కుళ్ళిపోయాయి.

"వీపు బయటికుండాలె చెల్లె. మట్టి కప్పకు," అన్నాను.

"గడ్డను బోడిగ కూసోపెడ్తరా అన్నా? మీ కాన్వెంటోళ్ళకు సిగ్గు లేదు."

చివరికి రెండే మిగిలాయి, ఒకటి బంగారు రంగుది, ఒకటి ఊదాది. వాటికి చలికాలం కావాలి. వరంగల్‌లో అది దొరకదు. మొగిలమ్మ వాటిని మేజోళ్ళలో దూర్చి ఫ్రిజ్‌లో పెట్టింది.

"అత్తమ్మా, అల్లమనుకొని ఒకనాడు చాయ్‌ల దంచేస్త," అంది కోడలు స్రవంతి.

"దంచు. నన్ను గూడ అండ్లనే దంచు."

మళ్ళీ నాటాక రెండూ పూశాయి. మొగిలమ్మ బంగారు పువ్వు పుప్పొడిని అగ్గిపుల్లతో తీసి ఊదా పువ్వుకు రాసింది. ఊదా మొక్కకు ఒక్క కాయ పట్టింది. ఎండలు ముదిరేసరికి బంగారు మొక్క మాడిపోయింది.

"ఇగ ఈ కాయే అన్నా. ఈడ పుట్టిన గింజ ఈడి ఎండకు ఓర్సుకుంటది. ఇది గూడ పోతే నాతోని కాదు."

మొక్కకు గొడుగు కట్టింది. పెళ్ళిళ్ళకు పోవడం మానేసి, దవాఖానలో మనిషి పక్కన కూర్చున్నట్టు స్టూలేసుకుని దాని పక్కనే కూర్చుంది.

కాయ పండకముందే ముసురు పట్టింది. నేను జ్వరంతో పడుకున్నాను. లేచి గోడ మీంచి చూస్తే, మొగిలమ్మ గొంతుక్కూర్చుని రెండు చేతులతో మొక్క మొదటికి మట్టి ఎగదోస్తోంది. పసుపు చేలో పెరిగిన చేతులు. వాన వాసన తగిలితే అవి ఎవరి మాటా వినవు.

"చెల్లె, ఏం చేస్తున్నవు?"

ఆమె తన చేతులను చూసుకుంది. తర్వాత గోళ్ళతో మట్టిని తోడింది. గడ్డ మాగిన అరటిపండులా చేతికి వచ్చింది. కాయను చీల్చింది. లోపల ఒట్టి నీళ్ళు, పేలంత గింజలు.

"ఇంక పాలు గూడ పోస్కోలే అన్నా," అంది. కాయను మళ్ళీ మూయాలని రెండు చెక్కలనూ కలిపి చాలాసేపు వేళ్ళతో నొక్కి పట్టుకుంది.

ఇదంతా రాసి మొన్న ఆమెకు చదివి వినిపించాను. చాటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తకుండా వింది.

"ఏం పువ్వు? నేనెన్నడు పెట్టలే. మా ఇంట్ల మేజోళ్ళే లేవు. అది అల్లంగడ్డ, కుళ్ళితే పారేసిన."