రెండు కొమ్మలు

బేరాలకు తిప్పే మోటారు సైకిల్ మీంచి పడి కంటి గూడు ఎముక విరిగాక ఎలీహియోకు కుట్లు మానాయి గానీ చూపు మానలేదు. ప్రతిదీ రెండుగా కనబడుతుంది. ఒంటరిగా ఉంటే ఎడమకన్ను మూసుకుని బండి నడుపుతాడు. బేరం ఎక్కితే మాత్రం రెండూ తెరుస్తాడు. ఈ సంగతి తెలిస్తే శాంటో డొమింగోలో ఎవరూ ఎక్కరు, పూట గడవదు. మొన్న పేట పెద్దావిడ దోన్యా క్రుసితాను ఎక్కించుకుని వెళ్తుంటే, మూత పోయిన మురుగు గుంతలో ఎవరో ఆనవాలుగా గుచ్చిన కొమ్మ ఎదురైంది. అతనికి రెండు కనబడ్డాయి. బండి ఆపేశాడు.

"ఏరా, నిద్రపోయావా?"

"దోన్యా, అసలు కొమ్మ ఏది?"

ఆవిడ అతన్ని తేరిపార చూసింది. దిగి వెళ్లి గుంత పక్కన నిలబడింది. "నన్ను చూసుకుంటూ రా, నాయనా."

"మీరూ ఇద్దరున్నారు."

"ఒక్కదాన్నే ఈ పేట భరించలేక చస్తోంది కదరా!" అంటూ నవ్వబోయి ఆగిపోయింది.

ఎలీహియో ఇంజను ఆపాడు. తాళంచెవి తీసి, దిగి వెళ్లి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అలసిపోయాను, దోన్యా. ఎవరికైనా అమ్మిపెట్టండి."