డోలా సీట్లు పీకేసిన ఆదివారం

మిజోరంలోని మా సియాల్‌త్లాంగ్ కొండ మీద సుమో తోలేవాళ్లు ముగ్గురు. అందులో డోలా బండి కోసమే జనం ఎగబడతారు. ఎందుకో తెలియాలంటే ఆ మార్చి ఆదివారం సంగతి చెప్పాలి.

పన్నెండేళ్లు ఎవరెవరి బండ్లో తోలి, చివరికి డోలా సొంతంగా కొత్త సుమో కొన్నాడు. ఊరంతా చుట్టూ చేరి పాడాం. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మనిషి మారింది ఆ తర్వాతే. సీట్లకున్న ప్లాస్టిక్ తొడుగు తియ్యనిచ్చేవాడు కాడు. అల్లం బస్తాలు ఎక్కించుకోనన్నాడు, పందిపిల్లలనైతే దగ్గరికే రానివ్వలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కమనేవాడు.

"నా మొహం చూసి ఎన్నాళ్లయింది నువ్వు?" అని వాళ్లావిడ మోయి ఒకసారి నా ముందే దెప్పింది. "ఆ బండి అద్దంలో నీ మొహం చూసుకోడానికే పొద్దు చాలట్లేదు. మాస్టారూ, మీరైనా చెప్పండి!"

నేను చెప్పాను. నవ్వేసి గుడ్డ తడుపుకున్నాడు.

ఆదివారం మా ఊళ్లో పొయ్యి మీద కుండ తప్ప ఏదీ కదలదు. అలాంటిది డోలా కడుపునొప్పని చెప్పి ప్రార్థన ఎగ్గొట్టి, ఇంటి వెనక బండి తుడుస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ ఆదివారం కూడా అంతే. మేమంతా కొండ నెత్తినున్న చర్చిలో ఉన్నాం. కింద పోడు కోసం కొట్టి ఎండబెట్టిన వాలు మీద ఎక్కణ్ణించో నిప్పు పడింది. గాలి లేచింది. వెదురు కణుపులు తుపాకుల్లా పేలడం మొదట విన్నది డోలానే. తలెత్తేసరికి మంట ఊరి అంచుకొచ్చేసింది.

వెంటనే అతను చేసిన పనేమిటో తెలుసా? బండెక్కి తాళం తిప్పాడు. చర్చి గంట దగ్గరికి పరుగెత్తలేదు. ఎవరినీ కేకెయ్యలేదు. రోడ్డు మలుపు దాకా దూసుకెళ్లి, రాళ్లగుట్ట చాటున బండి ఆపి, ఒక్క నిప్పురవ్వయినా పడిందేమోనని చుట్టూ తిరిగి చూసుకున్నాడు. పడలేదు. ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది పి ఛుంగి. పక్కింటి ముసలమ్మ; పెద్దావిడని మావాళ్లు పి అంటారు, పెద్దాయన్ని పు. కాళ్లు పడిపోయి మూడేళ్లు. వచ్చేటప్పుడు ఆవిడ గుమ్మం ముందు నుంచే వచ్చాడు.

"ఛీ, ఇదా నా బతుకు అనిపించింది మాస్టారూ" అని తర్వాత నాతో అన్నాడు.

బండి తిప్పి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా వాలెక్కాడు. పైన చర్చిలో మాకు ఆ మోత వినబడింది.

"డోలాకి పిచ్చి ముదిరింది. ఇవాళ కూడా హారనే!" అని సంఘపెద్ద పు ఖూమా గొణిగాడు. ఎవరో కిటికీలోంచి చూసి కేక పెట్టారు. బెంచీలు దాటుకుంటూ అందరం బయటికి ఉరికాం.

డోలా అప్పటికే పొగలోకి దూరాడు. పి ఛుంగి డేక్కుంటూ గడప దాకా వచ్చి ఆగిపోయింది. అతను భుజానెత్తుకుంటుంటే దగ్గుతూ అంది:

"ఇందాక నువ్వెళ్లడం చూశాలేరా."

"తప్పయిపోయింది, అవ్వా!"

"వచ్చావుగా! ఏడుపు తర్వాత, ముందు నడువు! ఆ ప్లాస్టిక్ మీద కూర్చోవాలంటే కాళ్లు కడుక్కోవాలా?"

ఆవిణ్ణి బడి వసారాలో దింపాడు. ఊరి ఊట లోయ అడుగున ఉంది. చేతి బిందెలతో మోస్తే ఆ మంటకు ఏ మూలకు? డోలా వెనక తలుపులు బార్లా తెరిచి రెంచి అందుకున్నాడు. సీటు బోల్టులు రెండు ఊడాయి. మూడోది రాలేదు.

"గొడ్డలి! గొడ్డలి తెండ్రా ఎవరైనా!"

"ఒరేయ్, కొత్త సీట్లు!" అని పు ఖూమా అరిచాడు.

"పోనీండి! పోనీండి పెద్దాయనా! నీళ్ల డ్రమ్ములెక్కించండి!"

గొడ్డలి దెబ్బకు సీటు కాళ్లు విరిగాయి. తొడుగు ఫట్టుమని చిరిగింది. సీట్లు ఒకదాని వెనక ఒకటి రోడ్డు పక్కకు పడుతుంటే డోలా నవ్వుతున్నాడు! కళ్లల్లో నీళ్లు, మొహమంతా మసి, పెద్దగా నవ్వు. అలాంటి నవ్వు నేను మళ్లీ చూడలేదు.

ఇక చూడాలి ఆ జోరు! ఊట దగ్గర ఆడవాళ్లు వరసకట్టి డ్రమ్ములు నింపుతున్నారు. మేం నలుగురం లోపల వాటిని పట్టుకుని నిలబడితే, నీళ్లు మా కోట్ల మీద చిందుతుంటే, బండి ఊగిపోతూ కొండెక్కుతోంది. మోయి ముందు కూర్చుని, "తొక్కవయ్యా, ఇంకా తొక్కు! నీ పెళ్లాంలాగా చూసుకున్నది చాల్లే దాన్ని!" అని మొగుణ్ణి అదిలిస్తోంది. పదిసార్లో పన్నెండుసార్లో తిరిగాం. సాయంత్రానికి మంట చచ్చింది. నాలుగిళ్లు పోయాయి. డోలా ఇల్లూ పోయింది, పి ఛుంగి ఇల్లూ పోయింది. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు.

విరిగిన సీట్లకు డోలాయే రాళ్లు ఎత్తుపెట్టి, ఇళ్లు పోయినవాళ్ల కోసం బడిలో వేశాడు. మెత్తటిది పి ఛుంగికిచ్చాడు. తర్వాతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి, మాకెవరికీ తెలియని ఆ మలుపు సంగతి దాచకుండా చెప్పేశాడు. "ప్రభువు ముందు చేతులు జోడిస్తూ నేను మొక్కింది బండికి" అన్నాడు. చెప్పి కూర్చున్నాడు. అతను మోసుకొచ్చి కూర్చోబెట్టిన పి ఛుంగే పాట అందుకుంది. డప్పు మోగింది. అందరం గుండ్రంగా చేరి చెమటలు కారేదాకా పాడాం.

కొత్త ఇళ్లు ఊరంతా కలిసి కట్టాం. కొత్త సీట్లు కూడా మేమే వేయిస్తామంటే డోలా చేతులు అడ్డంపెట్టాడు.

"మీకు దణ్ణం పెడతాను, మళ్లీ నాకా జబ్బు అంటించకండి!"

తనే చెక్కబల్లలు కొట్టుకున్నాడు. బల్లల మీద ఊళ్లోవాళ్లు, కింద అల్లం బస్తాలు, వెనక పందిపిల్లల కీచులాట. జ్వరమొచ్చినవాళ్లకు ఏ వేళైనా బండి సిద్ధం. ఐజ్వాల్ దాకా నడుములు విరుగుతాయన్న మాట నిజమే. అయినా మిగతా రెండు సుమోలు ఖాళీగా ఉన్నా జనం అందులోకే ఎక్కుతారు. మొన్న నేనూ వెళ్లాను. ఒళ్లో ఎవరిదో కోడిపెట్ట, భుజం మీద ఎవరి పిల్లాడో నిద్ర. ముందు డోలా, దుమ్ము పట్టిన అద్దం తుడవకుండా, గొంతెత్తి పాడుతూ మలుపులు తిప్పుతున్నాడు.