ఇసుక మీద ఈల వేసిన సామ్యేలు సార్

కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద పిల్లలు సిమెంటు నేల మీద బంతి ఆడుతుంటారు. ఆ ధన్‌మన్న చప్పుడు చెవిన పడగానే నా చేతులు వాటంతటవే తల మీదికి లేస్తాయి. మొన్న అలా లేచినప్పుడు చేతిలో కూరగాయల సంచీ ఉంది. టమాటలన్నీ మెట్ల మీద దొర్లాయి. ముందే ఒప్పుకుంటాను, ఫుట్‌బాల్ విషయంలో నాకంటే తెలివితక్కువవాడు మా ఊరు చెన్నూరులో పుట్టలేదు. మా కోచ్‌ను కాపాడబోయి, ఆయన్ను ముంచడానికి కావలసిన మాట స్వయంగా నేనే అందించాను.

ఆయన పేరు సామ్యేలు సార్. బడిలో ఆటల మాస్టారుగా రిటైరై, మా ఊరి జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆదివారం కూడా చర్చిలో ఆరాధన ముగిశాక ఇస్త్రీ చెదరని తెల్లచొక్కాతోనే గోదావరి ఒడ్డుకు వచ్చేవారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఈల నోట పెట్టుకుని, మమ్మల్ని వట్టి కాళ్లతో ఇసుకలో పరుగెత్తించేవారు. "ఇసుకల ఉరికినోనికి నేల మీద రెక్కలొస్తయిరా!" అనేది ఆయన నమ్మకం. మాకు రెక్కలు రాలేదు గానీ పిక్కలు మాత్రం బాగా వచ్చాయి. నేను గోల్‌కీపర్‌ని. ఎత్తు తక్కువ, నోరు ఎక్కువ. అందుకే ఆ మూలన నిలబెట్టి ఉంటారు.

ఆ ఏడు ఎక్కడికి పోయినా ఓటమే. మేము చేసేది గోల, అవతలివాళ్లు చేసేది గోల్. ఇచ్చోడలో మరీ ఘోరం. అక్కడిది గట్టి మొరం నేల. మెల్లగా వస్తున్న బంతిని అందుకుందామని నేను వంగుతాను. అది నా ముందు నేలను తాకి, కప్పలా ఎగిరి, నా నెత్తి మీదుగా లోపలికి! అలా ఐదు. "ఏందన్నా, బంతికి దండం పెడుతున్నవా?" అని గట్టు మీది నుంచి కేకలు. తిరిగి వస్తుంటే వ్యానులో ఎవరూ నా మొహం చూడలేదు. సార్ మాత్రం వచ్చి పక్కన కూర్చుని చేతిలో అరటిపండు పెట్టారు. "గోల్స్ తింటే కడుపు నిండదు గని, గిది తిను."

మరునాడు పత్తి జిన్నింగ్ మిల్లులో మీటింగ్. మిల్లు యజమాని గంగారెడ్డి పటేల్ మాకు జెర్సీలు కుట్టించినవాడు. ఆయన మాటే జట్టు కమిటీ మాట. "పెద్దమనిషికి శాలువ కప్పి పంపుదాం. హైదరాబాద్‌కెళ్లి కొత్త కోచ్‌ను తెద్దాం. ఏమంటరు?" అన్నాడు. అందరూ ఏమీ అనకుండానే తలలూపారు. సార్ బెంచీ చివర కూర్చుని ఈల తాడును వేలికి చుడుతూ, విప్పుతూ ఉన్నారు. భార్య పోయాక ఆయన సాయంత్రాలకు మిగిలింది మేమే. అది గుర్తొచ్చి నాకు ఆగలేదు. లేచి నిలబడ్డాను.

"సార్ తప్పేం లేదు పటేలా! ఇసుకల బంతి ఎగురది గద? ఏడ పడ్డది ఆడనే ఉంటది. మొరం మీద గట్ల ఎగురుతదని నాకేమెరుక? మేం రోజు ఆడేది ఇసుకలనాయె!"

గెలిచాననుకుని చుట్టూ చూశాను. పటేల్ తీరిగ్గా నవ్వాడు. "ఇన్నరా? కీపరే చెప్తుండు. మరి ఇసుకల ఆడిచ్చింది ఎవరు?"

నా జీవితంలో నేను వేసిన ఒకే ఒక గోల్ అది. అదీ సొంత గోల్‌లోకి.

సార్ లేచారు. నన్ను కసురుకుంటారనుకున్నాను. ఆయన కళ్లు మాత్రం మెరుస్తున్నాయి! ఎన్నాళ్లుగానో విడని చిక్కుముడికి కొస దొరికినట్టు ఉంది ఆ మొహం. "పోరడు చెప్పింది నిజం. నాకు తట్టలే. తప్పు నాది, పిల్లలది కాదు. వేములవాడ మ్యాచ్ ఒక్కటున్నది. ఓడితే గీ ఈల పటేల్ చేతిల పెట్టి నేనే పోత." బయటికి రాగానే నా భుజం పట్టి ఊపేశారు. "అరే, గింత ముచ్చట ఇన్నొద్దులు కడుపుల పెట్టుకున్నవేందిరా! పొద్దుగాల మార్కెట్ యార్డుకు రా!"

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తారు. ఏదైనా చెడితే "నాకు తట్టలే, తప్పు నాది" అనడం నేనూ నేర్చుకున్నాను. ఆయన అన్నంత హుషారుగా అనడం మాత్రం ఇంకా చేతకాలేదు.

పత్తి ఇంకా రాలేదు కనుక యార్డులో సిమెంటు గచ్చు ఖాళీగా ఉంది. తెల్లారేసరికి సార్ అక్కడ. బంతిని నా ముందు నేలకేసి కొట్టేవారు. "వంగకురా! ఎనుకకు జరుగు! ఏడ పడ్డదో కాదు, ఏడికి లేస్తదో చూడు!" ముక్కు వాచింది. మా అవ్వ పసుపు పెడుతూ, "బంతి ఆడుతున్నవా, బంతే నిన్ను ఆడుతున్నదా బిడ్డా?" అని అడిగింది.

వేములవాడలో నేల ఇచ్చోడ నేలకు అన్నలా ఉంది. అయినా ఆట సగం దాటాక అవతలివాళ్లు రొప్పుతుంటే, మావాళ్లు ఇంకా ఉరుకుతూనే ఉన్నారు! ఇసుక పిక్కలు వృథా పోలేదు. ఒక గోల్ పడింది. మాదే! ఇక చివరి క్షణాలు. దూరం నుంచి బంతి వచ్చి, సరిగ్గా నా ముందు నేలను తాకింది. నేను వంగలేదు. వెనక్కి జరిగాను, ఎగిరాను, వేళ్ల కొసలతో గోల్ అడ్డకర్ర పైనుంచి అవతలికి నెట్టాను! రిఫరీ ఆఖరి ఈల మోగింది. సార్ తెల్లచొక్కాతోనే దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్నారు. మేమంతా ఆయన మీద పడ్డాం.

అప్పుడు దిగాడు కారులోంచి గంగారెడ్డి పటేల్. "నేనన్లే? మా కోచ్ బంగారం!" అంటూ ఫోటో కోసం నేరుగా మధ్యలోకి, సార్‌కు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నేను చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అడిగాను. "పటేలా, మీ ఫోన్ల ఫోటో మస్తుగొస్తది గద. జర మీరే తియ్యుండ్రి." పొగిడితే కాదనలేని మనిషి. వెళ్లాడు.

"అందరు వస్తలేరు పటేలా, జర ఎనుకకు పోండ్రి. ఇంక జర. ఇంక జర..."

పెదవులు కదపకుండా సార్ గొణిగారు. "సాలురా, గుడి దాక పంపుతవా ఏంది?"

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. మధ్యలో సార్, నవ్వు ఆపుకోలేక ఒంగిపోతూ. పటేల్ ఎక్కడా లేడు.