జీన్స్‌కి వేసిన అమ్మ చీర ముక్క

బ్రాడీపేటలో ఒక షాపు అద్దం వెనక, రెండు పక్కలా పూలగుడ్డ వేసి కుట్టిన పాత జీన్స్ చూశాను. ఇప్పుడది ఫ్యాషనట.

మీకు గుర్తుందా, మనం ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నా జీన్స్ బిగుతైతే అమ్మ పక్క కుట్లు విప్పి తన చీర ముక్కలు వేసింది. మిరపకాయల తొడిమలు తీసే పనికి కట్టుకెళ్లే చీర అది. ఎన్నిసార్లు ఉతికినా ఘాటు పోలేదు.

“కాళ్లు మండుతున్నాయమ్మా,” అన్నాను.

“నాకు రోజూ చేతులు మండుతానే ఉంటాయే,” అంది.

క్లాసులో మీరంతా నవ్వారని ఆ ముక్కలు బ్లేడుతో కోసి పొయ్యిలో పడేశాను. అమ్మ ఆ పొగకి దగ్గుతూనే వంట చేసింది.

అమ్మ పోయాక ఆమె బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం. ఇవాళ షాపులోకెళ్లి ఆ పూలగుడ్డని చాలాసేపు అరచేత్తో రుద్దాను. ఎక్కడా మండలేదు.