అలమేలా, మంగమ్మా?

మా నాయనమ్మ వాళ్ళమ్మ ఎవరో తెలుసుకోవాలని కొన్ని నెలలుగా తిరుగుతున్నాను. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. దొరికినవల్లా రెండు పాత సర్టిఫికెట్ల నకళ్ళు. వాటిని తీసుకుని ఈ రోజు మాధవరంలో ఉన్న చిన్నజేజి దగ్గరికి వెళ్ళాను. ఆమె మా నాయనమ్మకు చెల్లెలు.

చిన్నజేజి పుట్టినప్పటి కాగితంలో తల్లి పేరు అలమేలు, వయసు ఇరవై అని ఉంది. మూడేళ్ళ తర్వాతి మరణ పత్రంలో పోయినామె పేరు మంగమ్మాళ్, వయసు ముప్పై అయిదు అని ఉంది. భర్త పేరూ, పురసవాక్కంలోని వీధి పేరూ మాత్రం రెండింటిలో ఒకటే.

"ఇద్దరూ ఒకరేనా జేజీ?" అని అడిగాను.

"ఆమా రా, ఒకరే. అమ్మ పేరు అలమేలుమంగ. సగం ఒకడు రాసినాడు, మిగతా సగం ఇంకొకడు రాసినాడు," అని పకపకా నవ్వింది.

"మరి వయసు? మొదటి కాగితం లెక్కన పోయేనాటికి ఇరవై మూడే. రెండోదాంట్లో గుమాస్తా ఏదో తోచింది రాసుంటాడు."

చిన్నజేజి నవ్వు ఆగిపోయింది. వాళ్ళమ్మ ముఖం ఆమెకు గుర్తే లేదు. ఆ ముప్పై అయిదు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే దాని మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"ముప్పై అయిదే ఉండనీ రా. అంతవరకన్నా బతికిందని అనుకుంటా."

సాక్ష్యం, రుజువు అంటూ ఇన్నాళ్ళూ చుట్టాలందరినీ విసిగించినవాణ్ణి నేనే. ఇంటికొచ్చి వంశవృక్షంలో ముప్పై అయిదనే రాశాను. మీరైతే ఏది రాసేవాళ్ళు?