అలారం ఎందుకు మోగింది

కోటగిరి రజిని బోధన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సు. డిప్లొమాతో చేరింది, ఆ పనిలోనే జుట్టు నెరిసింది. కొత్త వెంటిలేటర్ అలారం మోగితే మీట నొక్కి మోత ఆపగలదు గానీ, ఎందుకు మోగిందో తెలియదు. ఆ తెలియకపోవడం మీదే ఆమెకు మంట. అందుకే ఉద్యోగం చేసే నర్సుల కోసమంటూ నిజామాబాద్‌లో పెట్టిన డిగ్రీ కాలేజీలో చేరింది. నైట్ డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వెళ్తే, ఎప్పుడు చూసినా క్లాసుకు తాళమే. ఒళ్లు మండి ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్లింది.

"డ్యూటీ జేసేటోళ్లకు క్లాసులెందుకమ్మా? హాజరు మేమే ఏస్తం. పరీక్షకు రాండ్రి, సాలు," అన్నాడాయన, ఏదో మేలు చేస్తున్నట్టు.

"మా మంచాల మీద ఊపిరి కోసం కొట్టుకునేటోళ్లుంటరు సార్. అలారం మోగితే బంద్ జేసుడే నాకొచ్చు. ఎందుకు మోగుతుందో నేర్సుకుందామని వచ్చిన. రేపు మీ బాపే ఆ మంచం మీదుంటే?"

ఆయన బెల్లు కొట్టాడు. వచ్చిన అటెండరుతో, "ఈమెను బయటికి పంపు," అన్నాడు.

రజిని గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"మీకు గూడ గదే వచ్చు సార్. మోగితే బంద్ జేసుడు."